నాలుగో చక్రం

డులూత్‌లో ఇళ్ళన్నీ కొండవాలున కూర్చుని
సరస్సు వైపు కాళ్ళు చాపుకుంటాయి.
మా ఇల్లు మరీను, కొంచెం ఒరిగింది కూడా.
పై వాటాలో నిమ్మకాయ చెయ్యిజారితే
ఎక్కడికొచ్చి ఆగుతుందో నాకు తెలుసు:
సరిగ్గా నా తలగడ మీద, కిటికీ పక్కన.

నేను కింద ఉంటాను.
రాత్రంతా బస్సు నడిపి పొద్దున్నే పడుకుంటాను.
ఇర్యా కెట్టునెన్ నా కప్పు మీద ఉంటుంది.
డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆమెకో బండి.

బండంటే గుర్రబ్బండి కాదు.
నడుమెత్తు బల్ల, నాలుగు చక్రాలు,
పైన బెత్తెడు మందాన మేపుల్ దిమ్మ.
కసాయికొట్టు మొద్దుకి చుట్టమే,
కాకపోతే సంసారంలో పడి నెమ్మదించింది.
ఆ చెక్క ఒకప్పుడు బౌలింగ్ ఆటశాలలో ఏడో నంబరు దారి.
ఆటశాల మూతపడ్డాక ఆమె తమ్ముడు టోయ్వో
పలకలు కోసి, నిలువుగా అతికి,
ఒక చలికాలమంతా చిత్రికపట్టాడు.
దిమ్మ మీద ఇప్పటికీ సగం తెగిన నల్ల బాణం
గుండ్లు ఎటు దొర్లాలో చెబుతూనే ఉంది.
ఉల్లిపాయలు వినవు.

పొయ్యికీ సింకుకీ నడుమ రెండు జానల చోటు.
అందులో కాఫీ కెటిల్ కూర్చుంది.
మిగతా వంటంతా బండి మీదే.

ఇదంతా నేను చూసి తెలుసుకోలేదు, పడుకుని విన్నాను.
ఆరున్నరకి గుర్రుమని కిటికీ నుంచి పొయ్యి దాకా.
టకటక అంటే క్యారెట్.
దబ్బుదబ్బు అంటే పిండి.
బరబర అంటే, కత్తి వీపుతో
తరిగిందంతా నేరుగా గిన్నెలోకి ఊడ్చడం.
ఒక్క ముక్క నేల చూడదు.
సొరుగు లాగితే కత్తులు ఒళ్ళు విరుచుకుంటాయి,
కింది అరలో ఇనప మూకుడు గొణుగుతుంది.
మూడు చక్రాలకి తాళం పడుతుంది.
నాలుగోది మొండిఘటం.
దాని కింద మడతపెట్టిన చర్చి కరపత్రం ఉంటుంది,
ఆదివారం ఆదివారం కొత్తది.

చేతికింద మనిషి అంటారే, అదీ బండి.
కాలే పెనాన్ని నెత్తిన పెట్టుకుని కిక్కురుమనదు.
చుట్టాలొస్తే గోడవారకి ఒదుగుతుంది.

శనివారాలు పుల్లా చేస్తుంది.
పుల్ల కాదు, పులుపు అసలే కాదు,
ఏలకులు దంచి వేసి జడలల్లిన తీపి రొట్టె.
వాసన మెట్లు దిగొచ్చి నా తలుపు సందున దూరుతుంది.

ఒకసారి పైకెళ్ళి తగువే పెట్టుకున్నాను.
"ఇర్యా గారూ, ఆ చక్రం. నిద్ర పట్టట్లేదు."
"నూనె వేస్తాలే వెండెల్" అని రొట్టెముక్క చేతిలో పెట్టింది.
నూనె వెయ్యలేదు.
మళ్ళీ అడుగుదామంటే నోరు ఖాళీగా లేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
చక్రం వంటగది గడప దాటింది.
ఎన్నడూ లేనిది, హాల్లోకి, పడగ్గదిలోకి, స్నానాలగది దాకా,
ఆగి,
ఆగి.
టకటక లేదు. బరబర లేదు.
చెప్పులు తొడుక్కోకుండానే మెట్లెక్కాను.

మంచు మీద జారిందట. తుంటి.
రెండ్రోజులైందట.
ఆసుపత్రివాళ్ళిచ్చిన అల్యూమినియం నడకచట్రం
ప్లాస్టిక్ సంచైనా విప్పకుండా మూలనుంది.
ఆమె రెండు చేతులూ దిమ్మ అంచున ఆనించి నడుస్తోంది,
పైన టెలిఫోను, మందుసీసాలు, చల్లారిన కాఫీ.
"దాని మీద పిండి పిసకనిస్తుందా?" అంది
చట్రం వైపు గడ్డం ఎగరేసి.

ఆ రోజు బండి నేను తోశాను, ఆమె కుర్చీలోంచి హుకుములిచ్చింది.
రుటబాగా కోశాను, ముల్లంగికి మొరటు పెద్దన్న అది,
దాంతోపాటు వేలూ కొంచెం కోసుకున్నాను.
నెత్తుటి చుక్క మీద ఉప్పు జల్లించి
నిమ్మచెక్కతో తోమించింది.
"టోయ్వోది కూడా తాగిందిది" అని
బాణం పక్కన ఒక మచ్చ చూపించింది.
నాకైతే మచ్చేమీ కనిపించలేదు.

తర్వాత నూనె డబ్బా తెమ్మంది.
పాత బనీను గుడ్డతో, చెక్క నార వెంబడే రాయాలట.
చెక్క తాగింది. ఇంకా తాగింది.
బాణం నల్లగా పైకి తేలింది.

గుడ్డకి తడి మిగిలింది.
వంగి నాలుగో చక్రాన్ని చూశాను.
తలెత్తితే ఆమె నన్ను చూస్తోంది.

డబ్బా మూత బిగించాను.